పాట రిలీజ్ చేశారు సరే, డబ్బు ఎవరి జేబులోంచి రావాలి?

సొంతంగా మ్యూజిక్ చేసుకునేవాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే, పాట అయితే రిలీజ్ చేశాం, ఇప్పుడు దీన్ని జనాల్లోకి ఎలా తీసుకెళ్ళాలి అని. దానికి దొరికే సలహాలు కూడా దాదాపు ఒకే రకం. రోజూ రీల్స్ పెట్టు, ప్లేలిస్టులు నడిపేవాళ్ళకి మెసేజ్‌లు కొట్టు, నాలుగు డబ్బులు పెట్టి యాడ్స్ వెయ్యి, ట్రెండింగ్‌లో ఉన్న పాటకి కవర్ చెయ్యి, అంటే దాన్నే నువ్వు మళ్ళీ పాడి పెట్టు. ఇవన్నీ తప్పని కాదు గానీ వీటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది, దాన్ని దాటేసి నేరుగా ప్రమోషన్‌లోకి దూకేస్తారు చాలామంది. మ్యూజిక్ మీదే బతకాలనుకుంటే డబ్బు ఎవరి జేబులోంచి రావాలి? వినేవాళ్ళ జేబులోంచా, షో పెట్టించుకునేవాళ్ళ జేబులోంచా, సినిమాలు యాడ్స్ గేమ్స్ తీసేవాళ్ళ జేబులోంచా, ఇంకో మ్యుజీషియన్ జేబులోంచా, లేక లేబుల్ (పాటలు రిలీజ్ చేసే మ్యూజిక్ కంపెనీ) ఇచ్చే అడ్వాన్స్‌లోంచా? ఇది తేలితే ఎవరి కంట్లో పడాలో తేలుతుంది, ఎవరి కంట్లో పడాలో తేలితే ఏం పోస్ట్ చెయ్యాలి, ఎక్కడ చెయ్యాలి, అసలు పోస్టులే చెయ్యాలా అన్నది కూడా చాలావరకు తేలిపోతుంది. ఇది తేలకుండా చేసే ప్రమోషన్ పక్కవాడిని చూసి చేసేదే, పక్కవాడి దారి వేరు అయ్యుంటుంది.

ముందు ఎంత రద్దీలో నిలబడ్డామో చూద్దాం. మ్యూజిక్ లెక్కలు తీసే లూమినేట్ సంస్థ 2023కి చెప్పిన అంకెల ప్రకారం స్ట్రీమింగ్‌లో ఉన్న ట్రాకులు సుమారు 18.4 కోట్లు. అందులో నాలుగున్నర కోట్లకి పైగా ట్రాకుల్ని ఆ ఏడాదంతా ఒక్కళ్ళు కూడా ప్లే చెయ్యలేదు, 15 కోట్లకి పైగా ట్రాకులు వెయ్యి ప్లేలు దాటలేదు. ఒక్క ప్లే కూడా లేదంటే చేసినవాళ్ళ ఫ్రెండ్స్ కూడా వినలేదన్నమాట. కారణం సింపుల్, అప్‌లోడ్ చెయ్యడం మరీ తేలికైపోయింది. 1998లో సీడీ బేబీ మొదలైనప్పుడు లేబుల్ లేని ఆర్టిస్ట్ తన సీడీని నెట్‌లో అమ్ముకోవడమే పెద్ద విషయం, 2013లో డిస్ట్రోకిడ్ వచ్చాక ఏడాదికి ఇంతని కట్టేసి ఎన్ని పాటలైనా ఎక్కించుకోవచ్చు అయిపోయింది. అందుకే ఇప్పుడు రిలీజ్ అనేది వార్త కాదు, అదొక ఫైల్ అప్‌లోడ్, అంతే.

స్ట్రీమింగ్ డబ్బు గురించి ఉన్న అపోహ కూడా ఇక్కడే తీర్చుకోవాలి. ఒక్కో స్ట్రీమ్‌కి ఇంత అనే ఫిక్స్‌డ్ రేటు ఎక్కడా లేదు. స్పాటిఫై లాంటి సర్వీసు ఆ నెల సబ్‌స్క్రిప్షన్ల మీద, యాడ్స్ మీద వచ్చిన దాంట్లో దాదాపు 70 శాతం పక్కన పెట్టి, ఆ కుప్పని మొత్తం స్ట్రీమ్స్‌లో ఎవరి వాటా ఎంతో అంత చొప్పున హక్కుదారులకి పంచుతుంది. అంటే ఒక అభిమాని నెలంతా ఒకే ఒక్క చిన్న బ్యాండ్‌ని విన్నా సరే, ఆ అభిమాని కట్టిన డబ్బు నేరుగా ఆ బ్యాండ్‌కి పోదు, అందరి డబ్బూ కలిసిపోయి ఎక్కువ ప్లేలు ఉన్నవాళ్ళ వైపే ఎక్కువ వెళ్తుంది. సౌండ్‌క్లౌడ్ 2021లో దీన్ని మార్చి, వినేవాళ్ళ డబ్బు వాళ్ళు విన్నవాళ్ళకే వెళ్ళేలా ఒక పద్ధతి పెట్టింది గానీ పెద్ద సర్వీసుల్లో ఇంకా పాత పద్ధతే నడుస్తోంది. మామూలుగా చెప్పుకునే అంచనా ఏంటంటే పది లక్షల స్ట్రీమ్స్‌కి మూడు నాలుగు వేల డాలర్లు, అది కూడా రాసినవాళ్ళు, ప్రొడ్యూసర్, డిస్ట్రిబ్యూటర్ (పాటని స్ట్రీమింగ్ యాప్స్‌లోకి ఎక్కించే కంపెనీ) ఎవరి వాటా వాళ్ళు తీసుకోకముందు. దానికి తోడు 2024 నుంచి స్పాటిఫైలో ఒక ట్రాక్‌కి గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 స్ట్రీమ్స్ లేకపోతే రికార్డింగ్ రాయల్టీ లెక్కలోకే రాదు.

30 సెకన్లు వింటేనే స్ట్రీమ్‌గా లెక్క అనే రూల్ మీద వుల్ఫ్‌పెక్ అనే అమెరికన్ బ్యాండ్ 2014లో చేసిన పని సరదాగా ఉంటుంది. పది ట్రాకుల ఆల్బమ్ పెట్టారు, ప్రతి ట్రాక్ 30 సెకన్ల పైన కొంచెం, అందులో శబ్దం సున్నా, పూర్తి నిశ్శబ్దం. రాత్రి పడుకునేటప్పుడు దీన్ని లూప్‌లో పెట్టుకోండి అని అభిమానుల్ని అడిగారు, దాదాపు 20 వేల డాలర్లు వచ్చాయి, ఆ డబ్బుతో టికెట్ లేకుండా ఫ్రీ షోలు చేశారు, స్పాటిఫై ఆ ఆల్బమ్‌ని తీసేసింది. దీన్ని చిలిపి పనిగా మాత్రమే చూసేవాళ్ళు అసలు సంగతి వదిలేస్తారు, రాత్రంతా నిశ్శబ్దం ప్లే చెయ్యడానికి ఒప్పుకునే మనుషులు ఆ బ్యాండ్‌కి ముందే ఉన్నారు. ట్రిక్ పని చేసింది వాళ్ళ వల్ల.

దీని పక్కన నిప్సీ హస్ల్ లెక్క పెట్టి చూడాలి. 2013లో ఆ ర్యాపర్ తన కొత్త మిక్స్‌టేప్‌ని (ఆల్బమ్ లాంటి పాటల కట్ట) నెట్‌లో ఫ్రీగా వదిలేసి, అదే మిక్స్‌టేప్ సీడీలు 1,000 మాత్రమే చేయించి ఒక్కోటి 100 డాలర్లకి పెట్టాడు. అన్నీ అమ్ముడయ్యాయి, అందులో 100 కాపీలు పెద్ద ర్యాపర్ జే జీ ఒక్కడే కొన్నాడు. లక్ష డాలర్లు. అదే డబ్బు స్ట్రీమింగ్‌లో రావాలంటే కోట్ల ప్లేలు కావాలి. అయితే ఇది చూసి మనం కూడా వంద డాలర్లకి పెడదాం అనుకుంటే బోల్తా పడ్డట్టే, ఎందుకంటే 2005 నుంచి ఎనిమిదేళ్ళ పాటు మిక్స్‌టేప్‌లు వదులుతూ తన పేటలో తన జనాన్ని పెంచుకున్నాకే ఆ వెయ్యి మంది వచ్చారు. వినేవాళ్ళ జేబులోంచి డబ్బు రావాలనుకునే దారి ఇదే, ఇందులో కావాల్సింది లక్షల వ్యూస్ కాదు, పేరు పెట్టి గుర్తుపట్టగలిగేంత దగ్గరైన కొద్దిమంది. వాళ్ళు నెమ్మదిగా వస్తారు, అదే ఇబ్బంది.

లైవ్ షోల దారికొద్దాం, రికార్డింగుల్లో డబ్బు లేకపోతే ఏంటి, షోల్లో సంపాదించుకోవచ్చు అని అందరూ తేలిగ్గా అనేస్తారు కాబట్టి. పాంప్లమూస్ అనే ఇద్దరి బ్యాండ్ యూట్యూబ్‌లో బాగా పేరున్నది, అందులో ఒకడైన జాక్ కాంటే అభిమానులు ఆర్టిస్టులకి నేరుగా డబ్బు కట్టే సైట్ పేట్రియాన్‌ని 2013లో పెట్టినవాళ్ళలో ఒకడు. 2014లో వీళ్ళు 28 రోజులు టూర్ చేసి, వచ్చిందీ పోయిందీ మొత్తం బయటపెట్టేశారు. టికెట్ల మీద 97,519 డాలర్లు, టీషర్టులు సీడీల అమ్మకం మీద 29,714, ఒక స్పాన్సర్ నుంచి 8,750, కలిపి 1,35,983. ఖర్చు 1,47,802. అంటే హాళ్ళు నిండినా 11,819 డాలర్లు చేతి నుంచి పడ్డాయి. ఖర్చులో పెద్ద ముక్క జీతాలు, రోజువారీ బత్తా, అది 48,094. లైట్లు, సామాను అద్దె, వ్యాన్ లాంటి ప్రొడక్షన్ ఖర్చు 26,450. అమ్మకానికి పెట్టిన సరుకు తయారీ, పబ్లిసిటీ కలిపి 21,945, హోటళ్ళు తిండి 17,589, మేనేజర్లు బుకింగ్ ఏజెంట్ల కమీషన్లు 16,463, పెట్రోలు ఫ్లైట్లు పార్కింగ్ 11,816, ఇన్సూరెన్స్ 5,445.

ఈ లెక్క బయటికొచ్చినప్పుడు ఇంతమందిని వెంటేసుకుని వెళ్ళడం ఎందుకు, తక్కువలో చేసుకోవచ్చుగా అని చాలామంది తిట్టారు. ఆ మాటలో నిజం ఉంది, ఇద్దరే వెళ్ళి ఉంటే లాభమే వచ్చేది. కానీ వాళ్ళు ఆ టూర్‌ని సంపాదన కింద చూడలేదు, పెద్ద షో చేసి చూపిస్తే తర్వాతిసారి పెద్ద హాళ్ళు దొరుకుతాయని పెట్టుబడి కింద చూశారు, అంటే ఆ టూర్ కూడా ఒక రకం ప్రమోషనే. ఇలా నష్టాన్ని ముందే ఒప్పుకుని చేస్తే అదో లెక్క, డబ్బొస్తుందనుకుని వెళ్ళి జేబు ఖాళీ చేసుకుని రావడం ఇంకో లెక్క. షోల మీద బతకాలనుకునేవాళ్ళకి ఈ పట్టికలో అన్నిటికన్నా పనికొచ్చే అంకె నాకైతే 29,714 అనిపిస్తుంది, టికెట్ కొని లోపలికొచ్చిన మనిషి బయటికెళ్ళేటప్పుడు టేబుల్ దగ్గర ఆగి ఇంకో వస్తువు కొన్న డబ్బు అది. ఆ టేబుల్ లేకపోతే ఆ టూర్ నష్టం ఇంకా లోతుగా ఉండేది. షోల దారి పట్టినవాళ్ళ ప్రమోషన్ కూడా ఊరి ప్రకారం నడవాలి, దేశమంతా పరుచుకున్న యాభై వేల ఫాలోవర్ల కన్నా ఒక్క ఊళ్ళో ఉన్న 300 మంది హాలుని నింపుతారు. స్ట్రీమింగ్ యాప్స్ ఆర్టిస్టులకి చూపించే డ్యాష్‌బోర్డులో ఏ ఊళ్ళో ఎంతమంది వింటున్నారో ఉంటుంది, చాలామంది మొత్తం అంకె చూసుకుని మురిసిపోయి ఆ ఊళ్ళ లిస్టు ఓపెన్ కూడా చెయ్యరు.

ఎవరూ పెద్దగా మాట్లాడని దారి ఇంకోటుంది, వేరేవాళ్ళ కోసం పని చెయ్యడం. సెషన్స్‌లో అంటే వేరేవాళ్ళ రికార్డింగుల్లో వాయించడం, మిక్సింగ్, మాస్టరింగ్, యాడ్స్‌కీ గేమ్స్‌కీ బ్యాక్‌గ్రౌండ్ స్కోర్, పాఠాలు చెప్పడం, బీట్స్ (మీద పాడుకోవడానికి రెడీగా చేసిన మ్యూజిక్ ట్రాకులు) అమ్మడం. మ్యూజిక్ మీద నెలనెలా ఇల్లు గడుపుకునేవాళ్ళలో పెద్ద భాగం వీళ్ళే, కానీ ఇది ఆర్టిస్ట్ కల కాదు కాబట్టి ప్రమోషన్ సలహాలేవీ వీళ్ళ కోసం రాయరు. వీళ్ళకి ప్రమోషన్ అంటే పూర్తిగా వేరే పని. ఒక ప్రొడ్యూసర్‌కి రేపటికల్లా బేస్ ట్రాక్ కావాలనుకుందాం, రాత్రి పదకొండింటికి కూర్చుని ఎవరికి ఎంతమంది ఫాలోవర్లు ఉన్నారో చూడడు, ఫోన్‌లో ఉన్న పేర్లు తిప్పుతాడు, పోయినసారి టైమ్‌కి పంపింది ఎవరు, మార్పులు అడిగితే మొహం ముడుచుకోనిది ఎవరు అని. అప్పుడు గుర్తొచ్చే పేరు అవ్వడమే ఈ దారిలో ప్రమోషన్. లాగిన్ అడగకుండా నొక్కగానే మోగే నిమిషం డెమో లింకు ఒకటి, పంపిన ఫైల్ పేరులో పాట పేరు, టెంపో, శ్రుతి, ఎన్నో వెర్షన్ అన్నది స్పష్టంగా ఉండటం, ట్రాకులన్నీ ఒకే పాయింట్ నుంచి మొదలయ్యేలా ఎక్స్‌పోర్ట్ చెయ్యడం, అడిగిన దానికి ఆ పూటే జవాబివ్వడం. ఫైనల్ అని, ఫైనల్ కొత్తది అని, నిజంగా ఫైనల్ అని మూడు ఫైళ్ళు పంపేవాళ్ళని రెండోసారి పిలవరు, ఎంత బాగా వాయించినా. ఈ దారిలో ఇరవై మందికి బాగా తెలిస్తే చాలు, ఇరవై వేలమంది అక్కర్లేదు.

బీట్స్ అమ్మకం దగ్గర మాత్రం కాస్త ఆగాలి, ఎందుకంటే ఇక్కడ కాగితం మీద ఏం రాసుందో అదే జీవితం. యంగ్‌కియో అనే డచ్ కుర్రాడు ఆన్‌లైన్‌లో పెట్టిన బీట్‌ని లిల్ నాస్ ఎక్స్ అనే అమెరికన్ ర్యాపర్ 30 డాలర్లకి తీసుకుని దాని మీద 'ఓల్డ్ టౌన్ రోడ్' చేశాడు, 2019లో అది అమెరికా బిల్‌బోర్డ్ చార్టులో 19 వారాలు నంబర్ వన్‌గా కూర్చుంది. బీట్ స్టోర్లలో అంత తక్కువకి దొరికేది సాధారణంగా లీజ్ మాత్రమే, అంటే ఇన్ని కాపీల వరకు ఇన్ని స్ట్రీమ్స్ వరకు వాడుకో అని పర్మిషన్, అదే బీట్‌ని ఇంకో పదిమందికి కూడా ఇవ్వొచ్చు. ఆ పాట పెద్దదయ్యాక బీట్ చేసినవాడి పేరు రచయితల్లో, ప్రొడ్యూసర్లలో చేరింది, అసలు ఆ బీట్‌లో వాడిన శాంపిల్ (వేరే రికార్డింగులోంచి తీసుకున్న ముక్క) నైన్ ఇంచ్ నెయిల్స్ అనే బ్యాండ్‌ది కాబట్టి వాళ్ళ పేర్లు కూడా ఎక్కాయి. ఇక లిల్ నాస్ ఎక్స్ వైపు నుంచి చూస్తే, అతను పాటల కంటే ముందు ట్విట్టర్లో మీమ్స్ చేసి జనాన్ని పోగేసినవాడు, పాట వచ్చాక కూడా దాన్ని మీమ్స్‌లో దూర్చి తిప్పాడు. అది అతనికి చేతికొచ్చిన విద్య. అది రానివాళ్ళు అదే చెయ్యబోతే ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో చూస్తూనే ఉన్నాం.

షార్ట్ వీడియోల సంగతి ఇక్కడే మాట్లాడుకోవాలి. 2022 మేలో అమెరికన్ గాయని హాల్సే ఒక వీడియో పెట్టింది, పాట రెడీగా ఉన్నా టిక్‌టాక్‌లో వైరల్ అయినట్టు ఏదో ఒకటి సృష్టిస్తే తప్ప లేబుల్ రిలీజ్ చెయ్యనివ్వట్లేదని. అప్పటికే కోట్ల రికార్డులు అమ్ముడైన ఆర్టిస్ట్ పరిస్థితే అది. ఆ వీడియోనే వైరల్ అయ్యింది, అది వేరే కామెడీ. షార్ట్ వీడియో వల్ల ఒక పాట ఒక్క రాత్రిలో ఎక్కడికో వెళ్ళగలదు, ఆ మాట నిజమే. కాకపోతే యాప్‌కి కావాల్సింది చూసేవాళ్ళు యాప్‌లోనే ఉండిపోవడం, ఆర్టిస్ట్‌కి కావాల్సింది వాళ్ళు యాప్ దాటి వచ్చి పాట పూర్తిగా వినడం, ఇంకో పాట వినడం, షోకి రావడం. ఈ రెండూ ఎదురెదురు దిక్కులు. అందుకే పదిహేను సెకన్ల ముక్క లక్షలమందికి తెలిసి, పాడిందెవరో ఎవరికీ తెలియని పాటలు అన్ని ఉన్నాయి. కవర్లతో కూడా ఇదే తంతు, వచ్చినవాళ్ళు ఆ పాట కోసం వస్తారు, పాడినవాళ్ళ కోసం కాదు, పైగా యూట్యూబ్‌లో ఆ వీడియో మీద వచ్చే యాడ్ డబ్బు చాలాసార్లు ఒరిజినల్ పాట హక్కులున్నవాళ్ళకే పోతుంది. సొంత పాట ముక్క వెంటనే పక్కన లేకుండా కవర్లు మాత్రమే చేసుకుంటూ పోతే ఊరికే ఇంకొకరి పాటకి పబ్లిసిటీ చేసినట్టు.

కెమెరా ముందు మొహం పెట్టి మాట్లాడటం ఇష్టం లేనివాళ్ళు చాలామంది ఉంటారు మ్యుజీషియన్లలో, వాళ్ళని రోజుకో వీడియో చెయ్యమనడం నిజానికి చెడ్డ సలహా. నెల రోజులు ఎలాగో లాక్కొస్తారు, తర్వాత ఆపేస్తారు, ఆ నెలలో పాట మీద పెట్టాల్సిన టైమ్ కూడా పోతుంది. చేతులు వాయిస్తుండగా తీసినవి, ఒక ట్యూన్ మొదటి రఫ్ రికార్డింగ్ పక్కన ఫైనల్ మిక్స్ పెట్టి తేడా వినిపించేవి, షోలో తీసిన క్లిప్పులు, లేదంటే నెలకోసారి రాసే ఒక మెయిల్, ఇవి చాలు చాలామందికి. ఏది ఎంచుకున్నా ఏడాది పాటు విసుగు లేకుండా చెయ్యగలమా అన్నదొక్కటే చూసుకోవాలి.

మెయిల్ అనగానే పాత చింతకాయ పచ్చడిలా చూస్తారు గానీ, సొంత లిస్టు లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఉదాహరణలు బోలెడు. మైస్పేస్ అనే సైట్ ఒకప్పుడు నెట్‌లో బ్యాండ్లన్నిటికీ అడ్రస్, సర్వర్లు మార్చేటప్పుడు 2003 నుంచి 2015 దాకా ఎక్కించిన మ్యూజిక్ అంతా పోయిందని 2019లో బయటపడింది, ఐదు కోట్లకి పైగా పాటలు, దాదాపు 1.4 కోట్ల మంది ఆర్టిస్టులవి. వైన్ అనే షార్ట్ వీడియో యాప్ 2017లో మూతపడింది. 2024లో యూనివర్సల్‌కీ టిక్‌టాక్‌కీ ఒప్పందం కుదరక ఫిబ్రవరి మొదట్లో ఆ లేబుల్ పాటలు టిక్‌టాక్ నుంచి మాయమయ్యాయి, చాలావరకు మే దాకా తిరిగి రాలేదు, అప్పటికే ఆ పాటల మీద చేసిన వీడియోలకి సౌండ్ పోయింది. యాప్‌లో ఉన్న ఫాలోవర్లు యాప్ వాళ్ళ మనుషులు, మెయిల్ ఐడీ ఇచ్చినవాళ్ళే ఆర్టిస్ట్ మనుషులు. అమెరికన్ గాయని అమాండా పామర్ 2012లో జనం దగ్గర చందాలు పోగేసే సైట్ కిక్‌స్టార్టర్‌లో లక్ష డాలర్లు అడిగితే దాదాపు 25 వేలమంది కలిసి సుమారు 12 లక్షల డాలర్లు ఇచ్చారు, ఒక్కొక్కళ్ళు సగటున 50 డాలర్ల లోపే. అంతకుముందు ఏళ్ళ తరబడి షో అయ్యాక ఆగి అందరితో మాట్లాడి, మెయిల్స్ పోగేసి, జవాబులు రాసినందుకు వచ్చిన ఫలితం అది. అదే ఏడాది టూర్‌లో లోకల్ మ్యుజీషియన్లు డబ్బు తీసుకోకుండా వచ్చి వాయించమని అడిగి తిట్లు తిని, తర్వాత డబ్బులిస్తానని ఒప్పుకుంది. జనం డబ్బుతో నడిచినప్పుడు లెక్క కూడా జనానికే చెప్పుకోవాలి, ఈ దారికి ఆ ఇబ్బంది ఉంది.

ఆర్టిస్టులు పాటలు నేరుగా అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ లాంటి సైట్‌లో అమ్మితే కొన్నవాళ్ళ మెయిల్ నేరుగా ఆర్టిస్ట్‌కి అందుతుంది, డిజిటల్ అమ్మకాల మీద 15 శాతం, వస్తువుల మీద 10 శాతం వాళ్ళు తీసుకుంటారు. 2020 మార్చిలో కోవిడ్ వల్ల షోలన్నీ ఆగిపోయినప్పుడు వాళ్ళు ఒక శుక్రవారం తమ వాటా వదులుకుని అమ్మకాలు పెట్టారు, తర్వాత అది పద్ధతిగా కొనసాగింది. అయితే ఈ కంపెనీ కూడా 2022లో ఒకరికి, 2023లో ఇంకొకరికి చేతులు మారింది, కాబట్టి ఆ మెయిల్స్‌ని కూడా డౌన్‌లోడ్ చేసి దాచుకోవడం మంచిది.

డబ్బు పెట్టి చేసే ప్రమోషన్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఇన్ని స్ట్రీమ్స్ గ్యారంటీ అని ఎవరన్నా మెసేజ్ పెడితే అది బాట్ల (మనుషులు కాకుండా ప్రోగ్రాములు పాటని ప్లే చేసే) వ్యాపారం, మారు మాట లేదు. 2024 నుంచి స్పాటిఫై ఒక ట్రాక్‌లో దొంగ స్ట్రీమ్స్ మరీ ఎక్కువని తేలితే డిస్ట్రిబ్యూటర్‌కి జరిమానా వేస్తోంది, డిస్ట్రిబ్యూటర్ దాన్ని ఆర్టిస్ట్ నెత్తిన వేస్తాడు, కొన్నిసార్లు పాట కూడా తీసేస్తాడు. స్పాటిఫైలోనే డిస్కవరీ మోడ్ అనేది ఇంకో రకం, ముందు డబ్బు కట్టక్కర్లేదు, రికమెండేషన్లలో పాటకి కాస్త ఊపు ఇస్తారు, అలా వచ్చిన స్ట్రీమ్స్ రాయల్టీలో 30 శాతం కోసుకుంటారు. స్ట్రీమ్స్ మీదే బతికేవాళ్ళకి ఇది గట్టి కోత, షోలకి జనాన్ని తెచ్చుకోవాలనుకునేవాళ్ళకి పెద్ద నష్టం కాకపోవచ్చు. పైసా ఖర్చు లేని పని ఒకటుంది, రిలీజ్‌కి కనీసం ఏడు రోజుల ముందే స్పాటిఫై ఎడిటర్లకి పాట పిచ్ చెయ్యడం, అలా చేస్తే ఎడిటర్లు తీసుకున్నా తీసుకోకపోయినా ఫాలోవర్లకి కొత్త పాటలు చూపించే రిలీజ్ రాడార్ ప్లేలిస్టులో ఆ పాటే పడుతుంది. పాట పూర్తయిన రాత్రే ఉత్సాహంగా రిలీజ్ కొట్టేసేవాళ్ళు ఈ ఒక్కటీ పోగొట్టుకుంటారు.

లేబుల్‌లో చేరాలా వద్దా అన్నది నిజంగా పెద్ద ప్రశ్నే, దాన్ని స్వేచ్ఛకీ బానిసత్వానికీ మధ్య పోరాటంలా చెప్పే కథలు మాత్రం సగం సగమే. బ్రిటిష్ గాయని రే 2014లో పాలిడోర్ లేబుల్‌తో నాలుగు ఆల్బమ్‌ల ఒప్పందం చేసుకుంది, ఏళ్ళు గడిచినా ఒక్క పూర్తి ఆల్బమ్ కూడా బయటికి రానివ్వలేదని 2021లో బహిరంగంగా చెప్పి బయటికొచ్చేసింది, తర్వాత సొంతంగా వదిలిన పాట 2023 జనవరిలో యూకే నంబర్ వన్ అయ్యింది, 2024లో ఒకే రాత్రి ఆరు బ్రిట్ అవార్డులు తీసుకుంది. అందరికీ తెలిసిన కథ ఇక్కడితో ఆగుతుంది. ఆ పాటని ప్రపంచానికి చేర్చిన డిస్ట్రిబ్యూషన్ కంపెనీ సోనీ గ్రూప్‌లోదే, ఏడేళ్ళు లేబుల్‌లో ఉన్నప్పుడు వేరే పెద్ద ఆర్టిస్టులకి పాటలు రాస్తూ పెంచుకున్న పరిచయాలూ అనుభవమూ ఆమె దగ్గర అప్పటికే ఉన్నాయి. మాక్లమోర్, రయాన్ లూయిస్ అనే అమెరికన్ జోడీ 2013లో లేబుల్ లేకుండానే అమెరికా నంబర్ వన్ కొట్టారంటారు, నిజమే, కానీ రేడియోలో పాట తిప్పించడానికి పెద్ద లేబుల్ వార్నర్ వాళ్ళ టీమ్‌ని డబ్బిచ్చి పెట్టుకున్నారు. చాన్స్ ద ర్యాపర్ లేబుల్‌కి సంతకం పెట్టలేదు, 2016 రిలీజ్‌ని రెండు వారాలు తమ దగ్గరే ఉంచడానికి యాపిల్ 5 లక్షల డాలర్లు ఇచ్చిందని తనే చెప్పాడు. ఇండిపెండెంట్ అంటే ఒంటరిగా చెయ్యడం కాదు, ఏ పని ఎవరికి అప్పగించాలో, ఎంతకాలానికి అప్పగించాలో తన చేతిలో ఉంచుకోవడం.

అడ్వాన్స్ అనేది ఎలా పని చేస్తుందో ఒకసారి అంకెల్లో వేసి చూస్తే లేబుల్ గురించి సగం భ్రమలు, సగం భయాలు రెండూ పోతాయి. లేబుల్ 50 వేలు అడ్వాన్స్ ఇచ్చి, ఆర్టిస్ట్ వాటా 20 శాతం అని రాసుకుందనుకుందాం. ఆ 50 వేలు తీరేది ఆర్టిస్ట్ 20 శాతంలోంచి మాత్రమే, అంటే పాటల మీద మొత్తం రెండున్నర లక్షలు వచ్చేదాకా ఆర్టిస్ట్ చేతికి ఇంకో పైసా రాదు, అప్పటికి లేబుల్ తన 80 శాతం కింద రెండు లక్షలు తీసేసుకుని ఉంటుంది. వీడియో ఖర్చు, స్టూడియో ఖర్చు కూడా ఈ బాకీలోకే ఎక్కిస్తే ఆ గీత ఇంకా దూరం జరుగుతుంది. మరోపక్క, పాటలు ఆడకపోతే ఆ 50 వేలు మామూలుగా తిరిగి ఇవ్వక్కర్లేదు, రిస్క్ లేబుల్‌దే. ఏమీ లేనివాళ్ళకి అది చిన్న విషయం కాదు. చూడాల్సింది మాస్టర్స్ (అసలు రికార్డింగులు) హక్కు శాశ్వతంగా రాసిస్తున్నామా, లేక కొన్నేళ్ళకి లైసెన్స్ మాత్రమే ఇస్తున్నామా, ఆ ఏళ్ళు రిలీజ్ తేదీ నుంచి లెక్కా, బాకీ తీరిన రోజు నుంచి లెక్కా అన్నది. బాకీ తీరాకే గడియారం మొదలవుతుందంటే, బాకీ ఎప్పటికీ తీరకపోతే హక్కు ఎప్పటికీ తిరిగి రాదని అర్థం.

ఇక్కడే రెండు హక్కుల సంగతి తెలిసుండాలి, పాట రాసి ట్యూన్ కట్టిన హక్కు వేరు, దాన్ని రికార్డ్ చేసిన హక్కు వేరు. టేలర్ స్విఫ్ట్ పాత మాస్టర్స్ 2019లో వేరేవాళ్ళ చేతికి పోయినా 2021 నుంచి అవే పాటల్ని మళ్ళీ పాడి రిలీజ్ చెయ్యగలిగిందంటే రచన హక్కు తన దగ్గర ఉండటం అందుకు ఒక కారణం, చివరికి 2025లో ఆ మాస్టర్స్ కూడా కొనేసుకుంది. డిస్ట్రిబ్యూటర్ నుంచి వచ్చేది రికార్డింగ్ డబ్బు. రచన డబ్బు వేరే దారిలో వస్తుంది, రాయల్టీ వసూలు చేసే సొసైటీలో పాట రిజిస్టర్ చేసుకోకపోతే అది అక్కడే పడి ఉంటుంది. 2021లో అమెరికాలో ఇలా హక్కుదారులెవరో తేలక స్ట్రీమింగ్ కంపెనీల దగ్గర ఆగిపోయిన మెకానికల్ రాయల్టీ (రచన హక్కు కింద రావాల్సిన డబ్బు) అంతా కొత్తగా పెట్టిన సంస్థకి అప్పజెబితే మొత్తం 42.4 కోట్ల డాలర్లు తేలింది.

సినిమాలకీ యాడ్స్‌కీ పాటలు ఇవ్వాలనుకునేవాళ్ళకైతే ఈ కాగితాలే ప్రమోషన్. అక్కడ పాట ఎంచుకునే మనిషికి రచన హక్కు, రికార్డింగ్ హక్కు రెండింటికీ పర్మిషన్ కావాలి, తరచుగా ఒకటి రెండు రోజుల్లోనే కావాలి. నలుగురు కలిసి చేసిన పాట, ఎవరి వాటా ఎంతో ఎక్కడా రాసుకోలేదు, అందులో ఒకళ్ళు బ్యాండ్ వదిలి వెళ్ళిపోయి ఫోన్ ఎత్తట్లేదు అంటే ఆ పాట ఎంత నచ్చినా పక్కన పెట్టి లిస్టులో తర్వాతి పాటకి వెళ్ళిపోతారు, ఎందుకు తీసుకోలేదో ఫోన్ చేసి కూడా చెప్పరు. రికార్డింగ్ అయిన రోజునే ఎవరికి ఎంత శాతమో ఒక పేజీ మీద రాసి అందరూ సంతకం పెట్టుకోవడం, శాంపిల్స్ ఏవైనా వాడితే వాటి పర్మిషన్ అదే ఫోల్డర్‌లో ఉంచడం, పాటతో పాటు గొంతు లేని ఇన్‌స్ట్రుమెంటల్ వెర్షన్ కూడా అప్పుడే ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోవడం, ఇవీ ఈ దారిలో చెయ్యాల్సిన పనులు. డైలాగుల కింద వాడటానికి చాలాసార్లు అడిగేది ఆ ఇన్‌స్ట్రుమెంటల్ వెర్షనే.